ఎవరి ఇలాకా బిడ్డ

“నా బిడ్డ నైజాం బిడ్డ. యూనియన్ల అడుగు పెట్టది,” అన్నాడు లింగన్న, నాలుగేళ్ల సైదమ్మను చంకలోకి గుంజుకుంటూ.

కోదాడ దాటి మునగాల పోయే బాట మీద సరిహద్దు నాకా. ఇవతల నైజాం, అవతల ఇండియన్ యూనియన్. తెల్లదొరలు పోయి ఏడాదైనా కాలేదు, నిన్నమొన్నటిదాకా గొర్రెలు మేసిన బీడు నడుమ రెండు దేశాలు మొలిచాయి. మునగాల నుంచి వచ్చిన రుక్కమ్మ పొద్దుటి నుంచి నాకా ముందు ఎండలోనే కూచుని ఉంది.

“నన్ను తన్ని ఎల్లగొట్టినవ్. పోయిన. నా బిడ్డను నాకియ్యి, బావా.”

“ఇయ్య. మీ అన్న మునగాల సంతల పదిమంది ముందట నన్ను చెప్పుతోని కొట్టిండు. వాడు మర్సిండేమో, నేను మర్వలే. బిడ్డ కోసం నువ్వు ఏడుస్తుంటే వాడు సూడాలె. గదే నాక్కావాలె.”

పెళ్లాంతో అంత పచ్చిగా చెప్పినవాడు, నాకా పోలీసు అమీన్ బయటికి వచ్చేసరికి ఎంత దేశభక్తుడైపోయాడో చూడాలి. చేతులు కట్టుకున్నాడు, గొంతు తగ్గించాడు.

“సర్కార్, దీని అన్న కాంగ్రెస్ జెండా మోస్తడు. యూనియన్ల పుట్టినోళ్ల రక్తమే అసొంటిది. పాలు పోసినా పాములే. ఒక్కర్ని గుడ గీడ ఉండనియ్యొద్దు.”

పక్కన నిలబడ్డ ముసలమ్మ నాంచారమ్మ ఆ మాటకు చివుక్కున తలెత్తింది. లింగన్నకు తల్లి, రుక్కమ్మకు సొంత మేనత్త. తన అన్న కూతురని తానే ఏరికోరి తెచ్చుకున్న కోడలి వీపు మీద కొడుకు కట్టె విరగ్గొట్టిన రోజు నుంచి ఆమె కడుపు రగులుతూనే ఉంది.

అమీన్‌కు మాత్రం లింగన్న మాట నచ్చింది. యూనియన్‌లో పుట్టినవాళ్లు దొరికితే అవతలికి తోలాలనీ, వాళ్ల మంద, చెలక జప్తు చేయాలనీ తనకు తానే ఒక హుకుం పెట్టుకున్నాడాయన. వారమైంది, ఒక్కడూ దొరకలేదు.

“ఖరే మాట. గాడ పుట్టినోళ్లు గాడనే ఉండాలె. ఈ పిల్ల యాడ పుట్టింది?”

“మునగాల్ల,” అంది రుక్కమ్మ. “తొల్సూరి కాన్పు పుట్టింట్లనే గద, సాబ్. ఊర్ల ఎవరినన్న అడుగుండ్రి.”

“అబద్ధం. మా ఇంట్లనే పుట్టింది,” అన్నాడు లింగన్న. “బొడ్డు కోసింది మా అవ్వనే. ఆమె మాట మీదనే ఫైసలా చెయ్యుండ్రి, సర్కార్.”

తల్లి తన మాట జవదాటదని వాడి ధీమా. అయినా ఆమె చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. “కోదాడల అని చెప్పవ్వా. నీకు కూడు పెట్టేది నేను, నీ పుట్టిల్లు గాదు.”

అమీన్ కాగితం తీశాడు. “సోంచాయించి చెప్పు, ముసలమ్మా. ఒక్కసారి రాస్తే ఇగ మారేది లేదు.”

“సోంచాయించేదేముంది, సాబ్. పిల్ల మునగాల్లనే పుట్టింది. బొడ్డు గాడనే కోసిన.”

లింగన్న మొహం మాడిపోయింది. “అవ్వా, కన్నకొడుకు మీద సాక్ష్యమా.”

నాంచారమ్మ కొడుకు వైపు చేతులు చాచింది. వాడి చంకలోంచి పిల్లను తీసి రుక్కమ్మ ఒడిలో పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని అమీన్ వైపు తిరిగింది.

“రాసేది రాస్తున్నవ్, వీని పేరు గుడ రాయి, సాబ్. వీడు నా తొల్సూరి బిడ్డ. నేను గుడ మునగాలకు పోయే గన్న.”