పెద్ద రేణువులు

టెలిఫోను రిసీవరు తీసి బల్ల మీద పడుకోబెట్టి, ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది.

పన్నెండేళ్ళ అలవాటు. అదే బల్ల మీద ఫోను మోగితే అద్దంలో బొమ్మ వణుకుతుంది. పనిలో కూర్చుందంటే మళ్ళీ భోజనానికి లేచినప్పుడే రిసీవరు దాని చోటికి చేరేది. ఈలోపు ఫ్యాక్టరీ ఎగిరిపోయినా ల్యాబులో అక్కయ్యకు తెలియదని అందరూ నవ్వుకునేవారు.

ఆరు రోజులుగా ఆమెకు ఆకలీ లేదు, ఏడుపూ లేదు. తమ ఫ్యాక్టరీలోనే మూడు నెలల కిందట చేసిన క్రేను కొక్కెం సాగిపోయి, రెండు టన్నుల దిమ్మె జారి తమ్ముడి మీద పడింది. ఆ కొక్కెం నుంచి కోసిన ముక్కే ఇప్పుడు అద్దం కింద ఉంది. “సొంతవాళ్ళ విషయం, నువ్వొద్దు” అన్నాడు మేనేజరు. “నేనే చూస్తాను” అంది. ఆ మాట ఎవరో అన్నట్టు వినిపించింది.

ఎదురుగా స్టూలు మీద కొలిమి బాబాయి కూర్చున్నాడు. ఆ కొక్కేన్ని కాల్చింది ఆయనే. రూలంటే ఆయనకు ప్రాణం. ఫోనులో ల్యాబు సరేననందే కొలిమి తలుపు తెరవడు, కొలిమిని వదిలి అడుగు కదలడు. ఓసారి మీసానికి నిప్పంటుకుంటే, ఆర్పుకోవచ్చా అని ల్యాబుకు ఫోన్ చేసి, సరేనన్నాకే ఆర్పుకున్నాడట!

“ఏం కనపడుతోందమ్మాయ్?”

“రేణువులు. లావుగా ఉన్నాయి.”

“విడమరిచి చెప్పు. నేను చదివింది ఐదో క్లాసు.”

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. “ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ తక్కువ సెగలో పెడతావుగా, అప్పుడు లోపలున్న కార్బన్ సన్నటి కార్బైడ్ రేణువులుగా మారుతుంది. కంటికి ఆనని నలుసులు. అవి దగ్గర దగ్గరగా లక్షల్లో ఉంటే ఉక్కు సాగకుండా పట్టుకుంటాయి.”

“ఎక్కువసేపు ఉంచితే?”

“చిన్నవి కరిగిపోతాయి, వాటిని తిని పెద్దవి ఇంకా లావెక్కుతాయి. మధ్యలో ఖాళీలు. ఇక ఉక్కు మెత్తబడుతుంది.”

“మా ఉమ్మడి కాపురం లాగే! పెద్దన్నయ్య లావెక్కాడు, మేమంతా మాయమయ్యాం.”

ఇంకో రోజయితే నవ్వేదే.

“ఇది ఆ రోజు పొద్దున పదింటికి తియ్యాల్సింది బాబాయ్. మధ్యాహ్నం దాకా లోపలే ఉంది.”

ఆయన తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

“అలాగే రాసెయ్. సాయంత్రం ఎంక్వయిరీలో ఒప్పుకుంటాను. రిటైరవ్వడానికి నాలుగు నెలలుంది. ఉద్యోగం పోతే పోనీ.”

“ఎందుకు ఉంచేశావు?”

“మతిమరుపు అనుకో.”

“మీసం కాలుతుంటే కూడా అడిగినవాడివి, మర్చిపోయావా?” ఆమె అప్పుడు తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. “వాడు నీ భుజాల మీద ఆడుకున్నవాడు. నాకు నిజం కావాలి. ఆ రోజు నువ్వు ముందుగా పంపిన నమూనా ముక్క బాగుంది. తియ్యమని కూడా అన్నాను. నాకు గుర్తుంది.”

“అన్నావు. భోజనాల బెల్లు కొట్టాక అన్నావు.”

“నువ్వు అప్పుడే కదా ఫోన్ చేశావు! పదింటికే ఎందుకు చెయ్యలేదు?”

“అడక్కమ్మా. మతిమరుపని రాసెయ్. పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళం బతకాలి.”

“ఎందుకు చెయ్యలేదు బాబాయ్?”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“పదింటి నుంచీ నీ ఫోను ఎంగేజే, తల్లీ.”