మంచె మీద వైవా

"గట్టిగా చెప్పమ్మా. నువ్వు చెప్పేది నాకు వినపడాల, నీకు కాదు."

డాక్టర్ జయప్రకాశ్ ఆ మాట అనడం ఇది మూడోసారి. హోసూరులో తన గదిలో ఫ్యాను కింద కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ డిగ్రీ చివరి ఏడాది వాళ్ళకు వైవా జరుపుతున్నాడాయన. పదకొండు మంది అయ్యారు. ఆఖరిది నళిని. డెంకణికోట అవతల అడవి అంచున వాళ్ళ పల్లె. ఇంట్లో సిగ్నలు అందదని రాగి చేలో మంచె ఎక్కి కూర్చుంది. తన సర్వీసులో మంచె మీది నుంచి వైవా ఇచ్చిన మహానుభావురాలు ఈమేనని ఆయన మొదట్లోనే ఒక చురక అంటించాడు.

అంతకుముందే లైను ఒకసారి తెగింది. ఇంకోసారి తెగితే ఆబ్సెంటు వేస్తాననీ, ఇక డిగ్రీ వచ్చే ఏడాదేననీ ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ పిల్ల బెదిరిపోయి ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

వరదల మీద అడిగినంతసేపూ గడగడా చెప్పింది. అలాంటిది ఉన్నట్టుండి గుసగుసల్లోకి దిగింది. జయప్రకాశ్‌కు ఇది కొత్త కాదు. వచ్చిన జవాబులు అయిపోగానే సగంమందికి గొంతు పోతుంది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకైతే మరీను. ఆవులూ మేకలూ చూసుకోక వీళ్ళకు డిగ్రీలెందుకని స్టాఫ్ రూములో ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

"ముఖం కనపడలేదు. లైటు వేసుకో."

నళిని అడ్డంగా తలూపింది. వేసుకోకపోగా ఫోను వెలుతురు కూడా తగ్గించేసింది. పొద్దు వాలుతున్న వేళ, తెర మీద నుదురూ కళ్ళూ మాత్రమే మిగిలాయి. పైగా బొమ్మ ఒకటే ఊగడం. ఫోను కూడా నేరుగా పట్టుకోలేనిదానివి రేపు ఒక జిల్లాను ఏం కాపాడతావని ఆయన వెటకరించాడు. రిమార్కుల గడిలో 'ధైర్యం సున్నా' అని కొట్టాడు.

అప్పుడు కనిపెట్టాడు. ఆమె చూపు ఫోను మీద లేదు. మాటిమాటికీ కిందికి, ఎడమపక్కకు పోతోంది. చెవి పెట్టి వింటే, కింద ఎవరో నిదానంగా ఏదో నములుతున్న చప్పుడు కూడా వినిపించింది. ఇరవై ఏళ్ళుగా కాపీలు పట్టిన మనిషికి ఇంకొకరు చెప్పాలా?

"కింద నుంచి నీకెవరో అందిస్తా ఉండారు. ఆడ ఉండారా, లేదా? నిజం చెప్పు."

ఉన్నారన్నట్టు నళిని మెల్లగా తలూపింది.

జయప్రకాశ్‌కు పట్టరాని సంతోషం కలిగింది.

"పొమ్మను."

"పొమ్మంటే పొయ్యే రకం కాదు సార్."

ల్యాప్‌టాప్‌కు చెవి ఆనిస్తే గాని ఆ మాట ఆయనకు అందలేదు. దరఖాస్తులో తండ్రి పేరు చూశాడు. కేశవప్ప, వ్యవసాయం. ఆ కేశవప్పే అయి ఉండాలి. కూతురికి కాపీ అందించడానికి వచ్చి, వచ్చినవాడు ఊరికే ఉండక ఏదో బొక్కుతున్నాడు కూడా. సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు అనుకున్నాడు. వెంటనే లైను కట్ చేసి ఉండేవాడే గాని, దొరికిన దొంగను ఇంకాస్త ఆడించాలనిపించింది.

"సరే, ఆఖరి ప్రశ్న. ఆయప్పను కూడా విననీ. ఆపద ఎదురుగా వచ్చి నిలబడింది. మొదటి అయిదు నిమిషాల్లో ఏం చెయ్యాల?"

"గమ్మునుండాల సార్."

జయప్రకాశ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు నళిని గబుక్కున ఫోను స్పీకరు మీద బొటనవేలు అదిమింది.

"మూడేండ్లు చదివి నేర్చుకునింది గమ్మునుండేదా? కంట్రోల్ రూముకు చెప్పేది యాడ పోయింది? మైకు పెట్టి జనాన్ని హెచ్చరించేది యాడ పోయింది?"

"మైకు వద్దు సార్," అంది నళిని. బొమ్మ మళ్ళీ ఊగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. "మీరు కూడా కొంచేపు గమ్మునుండండి సార్."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయనను నోరు మూసుకోమన్న విద్యార్థి లేడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఒక్క మాట కూడా అడగలేదు. మార్కుల గడిలో సున్నా వేశాడు. దాని పక్కన 'కాపీ. పొగరు. ఆపద సమయంలో బొత్తిగా పనికిరాదు' అని టకటకా కొట్టి, పంపే బటన్ నొక్కేశాడు. ఒకసారి పంపిన మార్కులు మార్చే వీల్లేదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. అవి చూసి తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. కబురు ఆమెకు తన నోటితోనే చెప్పి, ఆ ఏడుపు కూడా విని లేద్దామనుకున్నాడు.

బొమ్మ ఊగడం ఆగింది. నమిలే చప్పుడూ ఆగింది. నళిని మెడ సాచి చాలాసేపు దూరంగా చూసింది. తర్వాత పైట చెంగుతో ముఖం మీది చెమట తుడుచుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఫోను వైపు తిరిగింది. ఆమె గొంతు గదంతా ఖంగుమంది.

"ఏనుగు అడివిలోకి పోయినాది సార్. ఇప్పుడు గట్టిగా చెప్పేదా?"