గుమ్మం ముందు అంబులెన్స్

...పక్కింటికేమో, దారి తప్పిందేమో, అయినా సైరన్ లేకుండా తమ గుమ్మం ముందే ఎందుకు ఆగిందో నసీమాకు అర్థం కాలేదు. బందరులో కొత్తగా తెరిచిన కార్పొరేట్ ఆసుపత్రి బండి అది. పొద్దున ఆ ఆసుపత్రివాళ్లే వీధిలో ఉచిత శిబిరం పెట్టి, ఆమె భర్త అజీజ్ గుండె పరీక్షించి, ఏమీ లేదని నవ్వుతూ పంపించారు.

ఆమె కిటికీ తీసింది. "ఎవరికోసం బాబూ?"

"అజీజ్ గారి కోసమండీ," అన్నాడు డ్రైవరు మెల్లగా.

"ఆయనకేం! రెండు ప్లేట్లు లాగించి పడుకున్నారు."

"పడుకోనివ్వండక్కా. తొందరేం లేదు. మేం ఉంటాం."

బండి వెనక తలుపు తెరుచుకుంది. లోపల స్ట్రెచర్ మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. తాము ఫోన్ చెయ్యలేదు కదా, మరి వీళ్లకేం తెలుసు? ఇంజను చప్పుడు వింటూ ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. భర్తను తాకాలంటే భయం వేసింది. చివరికి మంచం పక్కన కూర్చుని, అతని భుజం పట్టుకుని కుదిపింది.