ప్రపంచయాత్ర ఆగిన రోజు

"అదిగో, దిగింది," అన్నాడు సమ్మెలో ఉన్న మెకానిక్ ఓటిస్.

ఉద్యోగుల బస్సు వినోదాల పార్కు వెనక గేటు దగ్గర ఆగింది. నడీన్ దిగింది. ఒంటి మీద టార్పన్ ఎయిర్‌లైన్స్ యూనిఫాం, నెత్తిన టోపీ. అయితే ఆమె పని విమానంలో కాదు. పార్కులో 'ప్రపంచయాత్ర' దగ్గర జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టి పంపడం. కుర్చీలు చీకటి గదుల్లోంచి వాటంతటవే కదిలిపోతాయి. గోడల మీద రియో, లిమా, నసావు నగరాలు కనిపిస్తాయి. ఏడు నిమిషాల్లో యాత్ర ముగుస్తుంది. ఖర్చంతా టార్పన్‌ది కాబట్టి పదమూడేళ్ళుగా జనం టికెట్ లేకుండా ఎక్కుతున్నారు.

టార్పన్ మెకానిక్కులు సమ్మెకు దిగి నలభై ఒక్క రోజులైంది. సగం మందిని తీసేసి, మిగిలినవాళ్ళ జీతంలో ఐదో వంతు కోస్తామన్నారు యజమానులు. విమానాశ్రయం ముందు అరిస్తే పట్టించుకున్నవాడు లేడు. ఒర్లాండోలో జనం టార్పన్ పేరు చూసి ముచ్చటపడే చోటు ఈ ప్రపంచయాత్ర ఒక్కటే. దాన్ని మూయిస్తే తప్ప కంపెనీ దిగిరాదని యూనియన్ తీర్మానించింది. ఆ తీర్మానం పెట్టినవాడు వెర్నన్ స్ప్రాడ్లీ. అట్లాంటా షెడ్డులో పద్దెనిమిదేళ్ళు ఇంజన్లు విప్పి బిగించాడు. ఇక్కడికి బదిలీ అయి ఏడాది కాలేదు.

వెర్నన్ అట్టబోర్డు ఎత్తి పట్టుకుని ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు.

"సిగ్గులేదూ, ఆ టోపీ పెట్టుకోడానికి?"

"ఎండగా ఉంది, పెట్టుకున్నా."

"మా నోటి దగ్గర కూడు లాక్కున్నవాడి డబ్బు తింటున్నావు!"

"ఎవడి డబ్బయితేనేం, కొట్టువాడు అడిగి రొట్టె ఇస్తాడా? పద్దాకా నిలబడి అరవడం నీ పని. నా పనికి నన్ను పోనీ."

"పద్దెనిమిదేళ్ళ చాకిరీ నాది!"

"తెలుసులేవయ్యా. రోజూ వింటూనే ఉన్నా."

బోర్డులు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. వెర్నన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె గేటు దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు.

పార్కులో పనిచేసేవాళ్ళ బిళ్ళ మీద పేరు, సొంతూరు మాత్రమే ఉంటాయి, ఇంటిపేరు ఉండదు. ఆమె పక్కనుంచి వెళ్ళేటప్పుడే ఓటిస్ అది చదివాడు.

"వాల్డోస్టా అట. నీ సొంతూరేరా!"

"ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ నేనా పూచీ?"

"సమ్మె మొదలయ్యాక చేరింది చూడు, దాన్ని ఏమనాలి? ఇల్లెక్కడో కనుక్కో. పేరూ అడ్రసూ రాసి యూనియన్ హాల్లో గోడకి అంటిద్దాం."

"ఇళ్ళ జోలికి పోవద్దు."

"ఏం, అంత జాలి?"

"జాలి కాదు. మన పోరు కంపెనీతో."

మధ్యాహ్నం ఇద్దరూ ఓటిస్ ట్రక్కు నీడలో కూర్చుని డబ్బాలు తెరిచారు. ఓటిస్ వెర్నన్ రొట్టె వైపు చూశాడు.

"మీ ఆవిడ ఇంకా డబ్బా కట్టి పంపుతోందంటే మంచిదేరా. మా ఇంట్లో వారం నుంచి మాటల్లేవు."

"మా ఇంట్లో మాటలకేం తక్కువ లేదు," అన్నాడు వెర్నన్. "ఇవాళ కూడా నాలుగు పెట్టింది."

"సమ్మె గురించేనా?"

"ఇంకేముంది?"

మూడు గంటలకు ఓటిస్ రోడ్డవతలి ఫోను దగ్గరికి వెళ్ళాడు. తిరిగి పరుగున వచ్చాడు.

"మూసేశారు! టార్పన్ పార్కుతో ఒప్పందం రద్దు చేసుకుంది. కుర్చీలు ఆపేశారు. ఇక తెరవరట!"

బోర్డులు గాల్లోకి లేచాయి. వెర్నన్‌ను భుజాలెక్కించుకుని ట్రక్కు మీద నిలబెట్టారు.

"పదమూడేళ్ళు జనానికి ఉత్తినే ప్రపంచం చూపించారు," అని అరిచాడతను. "ఆ ప్రపంచం మీదుగా ఎగిరే ఇంజన్లు బాగుచేసినవాళ్ళని వీధిలో నిలబెట్టారు! ఇవాళ దీపం ఆర్పాం. రేపు ఆఫీసులోవాళ్ళు మన ముందు కూర్చుంటారు!"

చప్పట్లు ఆగకముందే గేటు తెరుచుకుంది. నడీన్ బయటికొచ్చింది. యూనిఫాం లేదు, టోపీ లేదు. తిన్నగా ట్రక్కు దగ్గరికి నడిచింది.

"గెలిచావుగా. మేం ఎంతమందిమో తెలుసా? ఇరవై ఆరుగురం."

"మా షెడ్డులో రెండొందల మంది," అన్నాడు వెర్నన్.

"వాళ్ళని తీసేసింది నేనా? మా ఇరవై ఆరుగురిలో ఒక్కరైనా నీ జీతం కోశారా? పైవాణ్ణి కొట్టే చేవ లేక పక్కవాళ్ళ మీద పడ్డారు. దానికి మళ్ళీ చప్పట్లు!"

వెర్నన్ ట్రక్కు దిగాడు.

"పోమ్మా, పో," అన్నాడు ఓటిస్. "ఇంకో పని చూసుకో. మేం చూసుకోవట్లా?"

ఆమె ఓటిస్ వైపు చూడలేదు. వెర్నన్ ముందు చెయ్యి చాపింది.

"నేను ఇంటికి పోతున్నా. ఇలా తే."

"ఏంటి తెచ్చేది?" ఓటిస్ నవ్వాడు. "జెండానా?"

వెర్నన్ జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టాడు.