కొట్టేసిన వాక్యం

సీలు వేయడానికి వచ్చిన కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే ఆగిపోయాడు. గేటు స్తంభానికి ఇంటి పెద్దాయన పేరు, దాని కింద విద్యుత్ శాఖలో ఆయన ఒకప్పటి హోదా చెక్కిన ఇత్తడి పలక ఉంది. పట్టించుకునేవాళ్ళు లేక మకిలి పట్టింది. అతను జేబురుమాలుతో దాన్ని తుడిచి, చదివి, చేతిలో ఉన్న సీలు తీగచుట్ట వైపు చూసుకున్నాడు.

"ఇల్లు ఇదేనండీ, రండి," అంది కోడలు గుమ్మంలోంచి. గొంతులో మర్యాద ఉంది గాని ప్రాణం లేదు. ఈ మనిషి ఎప్పుడొస్తాడోనని ఆమెకు కొన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేదు.

మేడ మీద సోలార్ ప్యానెళ్ళు, మెట్ల కింద బ్యాటరీ, లోపలి గదిలో అత్తయ్య. అత్తయ్య ముక్కుకి గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషను. ఆ వీధికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోతుంటుంది. అది పోయినప్పుడల్లా బ్యాటరీయే మిషన్ని నడిపిస్తుంది. ఇప్పుడేమో ఇంట్లో బ్యాటరీ పెట్టుకున్నవాళ్ళు అదనంగా పన్ను కట్టాలట. కట్టకపోతే దానికి సీలు. మొగుడి జీతం మందులకే బొటాబొటిగా సరిపోతోంది, ఇక ఎండకి పన్నెక్కడ నుంచి తెస్తారు?

"ఎవరమ్మాయీ, పొద్దున్నే?" అన్నాడు మామయ్య హాల్లోంచి. మధ్యాహ్నం దాటి చాలాసేపయింది.

"బ్యాటరీకి సీలు వేయడానికొచ్చారు మామయ్యా."

"వేస్తాడూ? నా కళ్ళముందే?" పేపరు విసిరికొట్టి లేచాడాయన.

ఇన్‌స్పెక్టరు బూట్లు బయటే విప్పి లోపలికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నమస్కారం సార్."

"నమస్కారాలు తర్వాత. ఏ రూలు ప్రకారమయ్యా?"

"అదే సార్... గృహావసరముల నిమిత్తము విద్యుత్తును నిల్వచేయు..."

"...ఏ పరికరమునైనను ఉత్పత్తి కేంద్రముగానే పరిగణించవలెను. అంతేగా?"

"అంతే సార్."

"పేపర్లో అక్షరం వదలరు లెండి," అంది కోడలు గబగబా.

"మెట్ల కింద డబ్బా ఉత్పత్తి కేంద్రమా! అయితే మా వంటింట్లో నీళ్ళబిందె ఆనకట్టన్నమాట. దానికీ వేసిపో సీలు!"

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకున్నాడు. "సార్, మేడలున్నవాళ్ళంతా ఎండతోనే గడుపుకుంటే, తీగల ఖర్చూ స్తంభాల ఖర్చూ మేడల్లేనివాళ్ళ నెత్తిన పడుతుంది కదండీ. అందుకని..."

"అది న్యాయమే," అన్నాడు మామయ్య ఠక్కున.

కోడలు మామయ్య వైపు చూసింది. ఈయన ఎవరి వైపు?

"పన్ను తప్పని నేననను. కానీ జబ్బుమనిషి ఉన్న ఇంటిని వదిలెయ్యాలా, వద్దా? ఊపిరి మీద పన్నేమిటయ్యా?"

ఇన్‌స్పెక్టరు లోపలి గది వైపు చూశాడు. "కొన్నేళ్ళ కిందటి మొదటి ముసాయిదాలో ఆ మినహాయింపు ఉంది సార్. ఒక వాక్యం. తర్వాత కొట్టేశారు."

"ఎందుకని?"

"అది ఉంచితే ప్రతివాడూ దొంగ సర్టిఫికెట్టు పట్టుకొస్తాడని."

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?" అన్నాడు మామయ్య. "ఎవడయ్యా ఆ కొట్టేసింది? వాడికి పెళ్ళాం లేదా? ఆమెకి ఎప్పుడూ ఆయాసం రాదా?"

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. మామయ్య వెనక నుంచి కోడలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ కోపాన్ని ఇంకా రేపితే పట్టడం ఎవరి తరమూ కాదు. అతను తల దించుకున్నాడు.

అంతలో కరెంటు పోయింది. హాల్లో ఫ్యాను ఆగింది. లోపలి గదిలో మిషను మాత్రం ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అందుకుంది. ముగ్గురూ ఆ చప్పుడే విన్నారు.

"ఎవరండీ వచ్చింది?" అంది అత్తయ్య గొంతు, పీలగా.

"ఎవరూ లేరే. నువ్వు పడుకో," అన్నాడు మామయ్య. అంతసేపూ అరిచిన మనిషేనా ఈయన అనిపించేంత మెత్తగా అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తీగచుట్టని జేబులో పెట్టేసుకున్నాడు. "అమ్మా, నేనొచ్చేసరికి మీ ఇల్లు తాళం వేసుంది."

కోడలికి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"తాళం చూసి వెనక్కి వెళ్ళిపోయాను. అంతే. ఈసారి వేరేవాళ్ళొస్తారు, వాళ్ళు ఊరుకోరు. ఈలోగా సారు అన్న మాటలే అర్జీగా రాసి పైకి తీసుకెళ్తాను. ఆ వాక్యం మళ్ళీ పెడతారేమో చూద్దాం."

కోడలికి కళ్ళు చెమర్చాయి. ఇంతకాలానికి ఒకడు మనిషిలా మాట్లాడాడు.

"కాఫీ ఏదమ్మాయీ?" అన్నాడు మామయ్య. ఖాళీ గ్లాసు ఆయన పక్కనే ఉంది.

"ఇప్పుడేగా తాగారు మామయ్యా."

"తాగానా?"

కోడలు ఇన్‌స్పెక్టర్ని సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. కరెంటు ఇంకా రాలేదు. మిషను చప్పుడు వాకిట్లోకి కూడా వినిపిస్తోంది.

"కొట్టేసింది ఎవరో ఆయనకి చెప్పెయ్యకపోయారా అమ్మా?"

"ఒకసారి చెప్పానండీ. రోజంతా ముద్ద ముట్టలేదు. మర్నాడు మళ్ళీ అడిగారు."

అతను స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

"అమ్మాయీ!" కిటికీలోంచి కేకేశాడు మామయ్య. "ఆ వాక్యం కొట్టేసినవాడి పేరు కనుక్కో! నేను మాట్లాడతాను వాడితో!"

"అలాగే మామయ్యా," అంది కోడలు గేటు మూస్తూ.

ఇత్తడి పలక మీద ఆ పేరు మెరుస్తోంది.