నూనె సూది

"తుంటికే వేస్తారు. నూనె సూది. రెండు రోజులు ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోలేవు, ముందే చెప్తున్నా," అంది రత్తాలు కూతురితో.

నర్సు రాహేలు నవ్వింది. "తుంటికి కాదు పెద్దమ్మా, పొట్టకి. ఇదిగో, ఇంత సన్న సూది. చీమ కుట్టినట్టుంటది."

"కాదమ్మా, నాకు తెలుసు. మందు చిక్కగా ఉంటది."

"అది కడుపున మోసేవాళ్ళకి, ఇచ్చేవాళ్ళకి కాదులే," అంటూ రాహేలు పావని వైపు తిరిగింది.

తెనాలిలోని ఆ ఆసుపత్రికి పావని అండాలు దానం చేయడానికి వచ్చింది. పోయిన వేసవిలో కూతురు తేజస్వికి జ్వరమొస్తే ఇక్కడికే తీసుకొచ్చింది. అప్పుడు వరండాలో ఒకామె తేజస్వి విడిచిన చిన్న చెప్పులు చూసి ఏడ్చింది. చెప్పులు చూసి ఎందుకేడుస్తారో పావనికి అర్థం కాలేదు. ఆమెకి పిల్లలు పుట్టరనీ, ఇంకెవరైనా అండం ఇస్తే తన కడుపులోనే మోసి కనగలదనీ తర్వాత రాహేలు చెప్పింది. ఆ చెప్పులు విప్పినప్పుడల్లా పావనికి ఆమే గుర్తొచ్చేది.

భర్త నాగశివ సరేనన్నాడు. అత్త మాత్రం, "చేప పొట్ట చీల్చి గుడ్ల జన తీసినట్టు తీస్తారంట," అని భయపెట్టింది. తొమ్మిదిలో బడి మానేసిన పావనికి డాక్టరు మాటలు సగమే తలకెక్కుతాయి. అందుకే వాడరేవు నుంచి అమ్మని రమ్మంది. రత్తాలు బాపట్ల మీదుగా పొద్దుటి రైలుకే దిగింది.

"చీల్చడాలేం లేవు," అంది రాహేలు. "నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి రోజూ సూది. పది రోజులు, కాస్త అటూ ఇటూ. మధ్యమధ్య స్కానింగు. అండాలు ఎదిగాక ఆఖరి సూది, అది మాత్రం చెప్పిన టైముకే పడాలి. తర్వాత మత్తిచ్చి కింద నుంచి సూదితోనే తీస్తారు. కోత లేదు, కుట్లు లేవు. సాయంత్రానికి ఇంటికెళ్ళొచ్చు."

"అదే రోజా? కాళ్ళ కింద దిండ్లు పెట్టి కదలకుండా పడుకోబెట్టరూ?" అంది రత్తాలు.

"అక్కర్లేదు పెద్దమ్మా. పొట్ట ఉబ్బినట్టుండి కాస్త నొప్పి చేస్తది, అంతే. బాగా ఉబ్బి ఆయాసమొస్తే మాత్రం వెంటనే రావాలి." రాహేలు గొంతు తగ్గించింది. "చూడు పావనీ. ఇది జన్మకొక్కసారే. ఎవరికి వెళ్ళిందో నీకు చెప్పరు, నువ్వెవరో వాళ్ళకి చెప్పరు. మత్తు ఇచ్చేలోపు ఎప్పుడు వద్దన్నా ఆపేస్తాం."

పావని తలూపింది. రాహేలు ఇద్దరినీ చూసి, "అమ్మాయికి మీ పోలిక రాలేదే," అంది.

"ముక్కు చూడు. అచ్చం వాళ్ళ నాన్నే," అంది రత్తాలు గర్వంగా.

పావని కాపురముండే రేపల్లెకి వెళ్ళే రైల్లో ఎదుటి సీటామె ఆసుపత్రి సంచి చూసి ఏంటని అడిగింది.

"మా అమ్మాయండీ. ఒకింటికి బిడ్డనివ్వబోతోంది."

పావని అమ్మ తొడ మీద గిల్లింది. "ఊరుకో అమ్మా."

"ఎందుకు ఊరుకోవాలి? దొంగతనం చేస్తున్నామా?"

సూదులు మొదలయ్యాక రత్తాలు రేపల్లెలోనే ఉండిపోయింది. సూది వేసిన చోట ఐసుముక్క గుడ్డలో చుట్టి అద్దేది. తెల్లారి లేవగానే తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకునేది. అది ఆమెకి ఏళ్ళ నాటి అలవాటు.

"ఏ దేవుడికి అమ్మమ్మా?" అంది తేజస్వి, తనూ చేతులు జోడించి.

"దేవుడు కాదే. ఒకామె ఉంది."

గంగమ్మ తల్లి గురించేమో అనుకుంది పావని.

ఒకరోజు ఐసు అద్దుతుంటే అడిగేసింది. "ఇయ్యన్నీ నీకెట్లా తెలుసమ్మా? నువ్వూ ఇచ్చావా?"

"నువ్వు పుట్టకముందు మాటలే. మద్రాసులో."

"నీకు జబ్బు చేస్తే నాన్న పడవ అమ్మాడన్నారే, అప్పుడేనా?"

"అప్పుడే."

పావని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అంటే దీనివల్ల జబ్బు చేస్తదా?"

"నన్ను చూడు, గుండ్రాయిలా లేనూ? ఇయ్యి ఇచ్చిన మనిషికేం కాదు. పైగా ఏ ఇంట్లోనో రోజూ దణ్ణం పెడతారు."

స్కానింగులో అండాలు చక్కగా ఎదిగాయని డాక్టరమ్మ చెప్పింది. "మా పిల్ల కదా మరి," అంది రత్తాలు, వరండా అంతా వినబడేలా.

అండాలు తీసే రోజు వచ్చింది. పచ్చ గౌనులో పావని మంచం అంచున కూర్చుంది. రాహేలు తలుపు దగ్గర నుంచి పిలిచింది. పావని లేవలేదు.

"వద్దనుకుంటే చెప్పు," అంది రత్తాలు. "ఇప్పుడే రైలెక్కుదాం. నిన్నెవరూ ఏమీ అనరు."

"నొప్పికి కాదమ్మా నా భయం. బిడ్డ ఎక్కడో పెరుగుతది. నా రక్తమే కదా. రేపు పెద్దయి ఈ సంగతి తెలిస్తే, కని పెంచినామెని కాదని నన్ను వెతుక్కుంటదా? ఎవర్ని అమ్మా అని పిలుస్తది? అది చెప్పు, లోపలికెళ్తా."

రత్తాలు కూతురి జుట్టుని ఆసుపత్రి టోపీలోకి సర్దింది.

"నువ్వు నన్నేగా అమ్మా అని పిలిచావు."