ఒక్క కాగు ఎరుపు

"చిన్నకోడలికి కాగు అడుగున మిగిలిన మడ్డి రంగు అద్దినవా బాలమల్లూ?"

సీతారాంరావు దొర గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నేతగాడు బాలమల్లుకు.

వాకిట్లో రెండు మంచాలు వేసి ఉన్నాయి. ఒకదాని మీద పెద్దకోడలు సరళాదేవి నీలి చీర. రెండోదాని మీద చిన్నకోడలు లీలాబాయి పసుపు చీర. ఒకరి చీర ఒకరి చీరకు తగలకూడదు గనుక రెండు మంచాలు. చీరల రంగు ఎవరిష్టం వాళ్ళది, బెత్తెడు ఎర్రంచు మాత్రం రెండింటికీ పోగంత తేడా లేకుండా ఒకటే ఉండాలని దొర ముందే చెప్పాడు.

అలా చెప్పడానికి కారణం ఉంది. కిందటేడు కోడళ్ళిద్దరికీ చెరో సోలెడు పాలు పోస్తే, సరళాదేవి గ్లాసు సన్నగా పొడుగ్గా ఉండి పాలు ఎక్కువ కనిపించాయని లీలాబాయి మూడు రోజులు పాలు ముట్టలేదు. చుట్టుపక్కల ఊళ్ళ తగవులన్నీ తీర్చే దొర ఈ పాల తగవు తీర్చలేక, కరీంనగర్‌కు మనిషిని పంపి జత గ్లాసులు తెప్పించాడు.

ఇప్పుడు చీరల వంతు. నీలి చీర అంచు మిరపపండులా మెరుస్తోంది. పసుపు చీర అంచు పాత ఇటుకలా చప్పగా ఉంది. దొర చూశాడు. జీతగాళ్ళు చూశారు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టాయన కూడా ఆగి చూసి, అయ్యో అన్నట్టు తల ఊపాడు. చివరికి బాలమల్లు చూశాడు. అతనికీ అలాగే కనిపించింది.

రెండు అంచుల నూలూ ఒక్క కాగులోనే ముంచామని కులదైవం మార్కండేయుని మీద ఒట్టు వేశాడు. అంచు పోగు నడిపే నాడెను వేరే పెట్టి నేశాడు కాబట్టి, చీర రంగు పోగు అంచులో కలిసిందని తప్పుకోవడానికీ దారి లేదు.

"నేను గుడ్డోన్ని గాదు," అన్నాడు దొర.

చొప్పదండిలో బాలమల్లు మాటంటే సంతకం కింద లెక్క. ఆ పేరు మీదే మగ్గం నడుస్తోంది. మాఘంలో దొర మూడో కొడుకు విద్యాసాగర్‌రావు పెళ్ళి. పెట్టుపోతల బట్టలన్నీ బాలమల్లే నేయాలని అనుకున్నారు. దొర ఒక్క ముక్కలో తేల్చేశాడు. నెలలోపు అవే రంగుల్లో ఇంకో జత నేసి తేవాలి. అందులోనూ తేడా వస్తే పెళ్ళి బట్టలు జమ్మికుంట షావుకారుకు పోతాయి, బాలమల్లు మళ్ళీ ఆ వాకిలి తొక్కకూడదు.

ఇంటికొచ్చి చీరల మూట భార్య ముందు పడేశాడు. రంగులద్దడం కమలవ్వ పని. మధ్యలో కాగులో నీళ్ళు పోశావా అని అడిగాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో అలాంటి మాట అడగడం అదే మొదలు. ఆమెకు చురుక్కుమంది. పొయ్యి ఆర్పేసి, ఆ రెండు చీరలూ ముందేసుకుని కూర్చుంది. పరిచింది, చీర రంగు కనబడకుండా మడిచి అంచులు రెండూ పక్కపక్కన పెట్టింది, మళ్ళీ పరిచింది.

అప్పటికే సంగతి వాడంతా పాకింది. కమలవ్వ చెయ్యి తప్పిందని ఒకరు, కక్కుర్తి పడిందని ఒకరు. నిప్పు లేనిదే పొగ రాదని సామెత ఉండనే ఉంది. సామెతలకేం, ఎవరి మీద వేసినా అతుకుతాయి.

పొద్దు వాలుతుండగా ఆమె లేచింది.

"ఈసారి కాగు దిక్కు నువ్వు రాకు. రంగు సంగతి నాకిడిసిపెట్టు."

నాలుగో నాడు అద్దిన నూలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బాలమల్లు నూలు వంక చూశాడు, ఆమె ముఖం వంక చూశాడు. ఏదో అనబోయాడు.

"నువ్వైతే నేసుకపో," అంది.

నేశాడు. ఆ ఇరవై రోజులూ అతనికి అన్నం సయించలేదు.

మళ్ళీ అదే వాకిలి, అవే రెండు మంచాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. లీలాబాయి తన అంచు చూసుకుని, అవతలి మంచం మీది అంచు చూసింది. సరళాదేవి అటునుంచి ఇటు చూసింది.

"ఇగ సమానమున్నయి," అంది లీలాబాయి.

సరళాదేవి అవునంది. తోడికోడళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

దొర బాలమల్లు వైపు తిరిగాడు. "నిజం చెప్పు. ఈసారన్న ఒక్క కాగుల ముంచిన్రు గద?"

బాలమల్లు తన వెంట వచ్చిన భార్య వంక చూశాడు. కమలవ్వ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"మీ కండ్లకు ఎట్ల కనబడుతున్నయి దొరా?"

"ఒక్క తీరుగున్నయి."

"మీ కండ్ల కంటె మా మాట ఎక్కువనా?"

దొర సంతోషపడ్డాడు. మొదటే ఇంత నికార్సుగా చేసి ఉంటే ఈ లొల్లి ఉండేది కాదని, తప్పు అందరూ చేస్తారని, దిద్దుకున్నవాడే మనిషని చాలాసేపు చెప్పాడు. పెళ్ళి బట్టలన్నీ బాలమల్లుకే అన్నాడు. వచ్చే కొత్త కోడలికి ఆకుపచ్చ చీర కావాలట. అంచు మాత్రం అచ్చం ఇదే ఎరుపు ఉండాలి, పోగంత తేడా రాకూడదు. బాలమల్లు తల వంచుకుని అన్నింటికీ సరేనన్నాడు.

ఇల్లు చేరగానే కమలవ్వ, పసుపు చీర అంచుకు నిగనిగలాడే ఎరుపు కాచిన కాగునూ నీలి చీర అంచుకు కాస్త మడ్డి ఎరుపు కాచిన కాగునూ పక్కకు జరిపి, ఆకుపచ్చ చీర కోసం మూడో కాగు పొయ్యి మీద పెట్టింది.